రొద ఎక్కడ పుడుతోంది?

పూజలో కూర్చుంటే మనసు నిలవడం లేదని, నిలవని మనసుతో చేసే పూజ దేవుడికి చేరదేమోనని దిగులుపడేవాళ్లు మా చోడవరంలో చాలామందే ఉన్నారు. స్వయంభూ విఘ్నేశ్వరుడి గుడికి వెళ్లి వస్తూ నా కొట్టు దగ్గర ఆగి ఈ మాట అంటుంటారు. చర్చిలో గిటారు వాయించే కుర్రాడొకడు, యాంప్లిఫైరు సెట్టు రిపేరుకి తెచ్చినప్పుడు, ఇదే సంగతి తన మాటల్లో అడిగాడు. "కళ్లు మూసుకోగానే లోపల గోల మొదలవుతుంది మాస్టారూ. అది తగ్గేదాకా ఆగి ప్రార్థన చెయ్యాలా, గోలలోనే చెయ్యాలా?"

నేను పండితుణ్ణి కాను. పాత యాంప్లిఫైర్లు బాగుచేసే మెకానిక్కుని. అక్కర్లేని చప్పుడు ఎక్కడ పుడుతోందో వెతకడమే నా వృత్తి గనక, ఈ ప్రశ్నకి నా బల్ల దగ్గర్నుంచి ఒక జవాబు చెప్పగలను. చప్పుళ్లన్నీ ఒకటి కావు. కొన్ని బాగుచేసి తీరాలి. కొన్ని సెట్టు బతికుందనడానికి గుర్తు. ఏది ఏదో తెలుసుకోకుండా అన్నిటినీ ఒకే గాట కట్టి "నా మనసు మంచిది కాదు" అనుకోవడం తప్పని నా గట్టి నమ్మకం.

వాల్వుల గిటారు యాంప్లిఫైరు మా వైపు అరుదు. గౌరీపరమేశ్వరుల ఉత్సవాలకి వచ్చే ఆర్కెస్ట్రాల్లో ఇప్పుడు దాదాపు అన్నీ ట్రాన్సిస్టర్ సెట్లే. ఎప్పుడో ఒక వాల్వుల సెట్టు బల్ల ఎక్కితే దాని విచారణ ఇలా సాగుతుంది. ముందు గిటారు వైరు పీకేస్తాను. రొద ఆగిందా, దోషం సెట్టుది కాదు. గిటారు పికప్పు చుట్టుపక్కల నుంచి ఏదో పీల్చుకుంటోంది. తలమీది ట్యూబులైటు చోకు కావచ్చు, పక్కనున్న ట్రాన్స్‌ఫార్మరు కావచ్చు. గిటారు పట్టుకున్న మనిషిని నిలబడ్డ చోటే మెల్లగా తిరగమంటే ఏదో ఒక దిక్కులో రొద సన్నబడుతుంది. వైరు పీకినా ఆగకపోతే వాల్యూమ్ సున్నాకి తిప్పుతాను. దాంతోపాటు రొద కూడా తగ్గితే అది వాల్యూమ్ కంట్రోలుకి ముందు పుట్టింది. తగ్గకపోతే తర్వాత పుట్టింది. నాబ్ ఒక్కటి తిప్పేసరికి సగం సెట్టు మీద అనుమానం తీరిపోతుంది. అప్పుడు వాల్వుల వంతు. స్విచ్ కట్టి, చల్లారనిచ్చి, ఇన్‌పుట్ వైపు నుంచి ఒక్కోటీ ఊడదీసి వింటూ పోతాను. ఇది తీసినా రొద ఉంది, కాబట్టి ఇది కాదు. ఇదీ కాదు.

బృహదారణ్యకంలో యాజ్ఞవల్క్యుడు చెప్పిన నేతి నేతి నాకు ఈ బల్ల దగ్గరే అర్థమైంది. ఆ మాట ఎత్తగానే చాలామంది దాన్ని లోకాన్ని కాదనడంగా తీసుకుంటారు. ఒళ్లు కాదు, ఇల్లు కాదు, పెళ్లాం పిల్లలు కాదు అని ఒక్కోటీ పారేసుకుంటూ పోవడమనుకుంటారు. నేను ఊడదీసిన వాల్వుని పారెయ్యను. విచారణ అయ్యాక దాన్ని మళ్లీ దాని సాకెట్లోనే పెడతాను. కాదు అని తేల్చింది దాని మీద నేరం మోపకుండా ఉండటానికే.

ఇక అసలు రొద సంగతి. మన లైన్ కరెంటు సెకనుకి 50 సార్లు ఊగుతుంది. వాల్వుకి కావలసింది ఊగని కరెంటు. రెక్టిఫైరు ఆ ఊపుని ఒకే దిశకి మళ్లిస్తే సెకనుకి 100 ఊపులు మిగులుతాయి. ఆ ఊపుల్ని మింగి కరెంటుని చదును చెయ్యడం ఫిల్టర్ కండెన్సర్ల పని. వాటి లోపలి తడి రసాయనం ఏళ్లు గడిచేకొద్దీ ఎండిపోతుంది. అప్పుడు 100 ఊపులూ మింగుడుపడక స్పీకరు దాకా వచ్చేస్తాయి. గిటారు ఆరో తీగని మూడో ఫ్రెట్ దగ్గర నొక్కి మీటితే వచ్చే స్వరం 98. కండెన్సరు ఎండిన సెట్టులో ఆ స్వరం వాయించి చూడండి. 98కీ 100కీ పొత్తు కుదరక, సెకనుకి రెండు అలల చొప్పున స్వరం గొంతు వణుకుతుంది. వాయించేవాడు తీగ శ్రుతి తప్పిందనుకుని మర మెలిపెడుతూ ఉంటాడు. తీగలో ఏ లోపమూ లేదు.

తంబురా కూడా ఆగకుండా మోగేదే కదా, అది మనల్ని ఎందుకు బాధపెట్టదు? తంబురాని పాడేవాడి గొంతుకి తగ్గట్టు శ్రుతి చేస్తాం. ఎండిన కండెన్సరు ఎవరు పాడినా, ఏ పాట పాడినా, తన 100నే పట్టుకుని కూర్చుంటుంది. మనసులో ఇలాంటి రొద ఉన్నవాళ్లని చూశాను. పొలం గట్టు తగాదా ఒకటి లోపల పెట్టుకున్న మనిషికి విష్ణుసహస్రనామంలోనూ ఆ గట్టే వినిపిస్తుంది, కూతురి పెళ్లిలోనూ ఆ గట్టే వినిపిస్తుంది. దీన్ని ఓర్చుకోమని నేను ఎవరికీ చెప్పను. కండెన్సరు మార్చాలి.

మార్చేవాళ్లకి ఒక జాగ్రత్త. స్విచ్ కట్టేసినా, ప్లగ్గు పీకేసినా ఆ కండెన్సర్లలో 400 వోల్టుల దాకా నిలిచి ఉండొచ్చు. దీపం ఆరింది కదా అని చెయ్యి పెట్టినవాడి ప్రాణం పోగలదు. కోపానికి కారణం తీరిపోయాక కూడా కోపం ఎందుకు నిలిచి ఉంటుందో, మనవాళ్లు సంస్కారం, వాసన అని దేన్ని అన్నారో దీని ముందు కూర్చుంటే బోధపడుతుంది. స్క్రూడ్రైవరు అడ్డం పెట్టి ఒక్క దెబ్బన ఖాళీ చెయ్యాలని చూస్తే నిప్పురవ్వ ఫట్టుమంటుంది, కండెన్సరు కూడా దెబ్బతింటుంది. మధ్యలో ఒక రెసిస్టెన్సు పెట్టి మెల్లగా దింపాలి, మీటరు పెట్టి దిగిందో లేదో చూసుకోవాలి.

అన్నిటికంటే నన్ను భయపెట్టేది ఎర్త్ పిన్ను విరిచేసిన సెట్టు. అలాంటివి ఇప్పటికీ వస్తున్నాయి. గిటారు సెట్టుకి ఒక సాకెట్టు నుంచి, మైకు సెట్టుకి దూరంగా ఇంకో సాకెట్టు నుంచి కరెంటు తీసుకుంటే, రెండు ఎర్తులకీ మధ్య చిన్న తేడా వస్తుంది. రెండు సెట్లనీ కలిపే వైరు గుండా ఆ తేడా పారి రొదగా వినిపిస్తుంది. ఎవరో ఒకరు మూడో పిన్ను విరిచేస్తారు. రొద నిజంగానే పోతుంది, అందుకే అది అంత ప్రమాదం. లోపల ట్రాన్స్‌ఫార్మరు ఇన్సులేషన్ చెడిన రోజున 230 వోల్టులు సెట్టు రేకులోకి, రేకు నుంచి గిటారు తీగల్లోకి వస్తాయి. తీగల మీద చెయ్యి, మైకుకి పెదవి. 1972 మే నెలలో వేల్స్ దేశంలోని స్వాన్సీలో లెస్ హార్వే అనే గిటారిస్టు, ఎర్తింగు సరిగా లేని మైకుని తాకి, స్టేజీ మీదే, జనం చూస్తుండగా చనిపోయాడు. రొదకి మందు రెండు సెట్లనీ ఒకే బోర్డుకి తగిలించడం, అప్పటికీ పోకపోతే సిగ్నల్ వైరులో చిన్న ట్రాన్స్‌ఫార్మరు వెయ్యడం. మూడో పిన్ను జోలికి పోకూడదు.

మనశ్శాంతి కోసం ఇంట్లోవాళ్లతో మాట మానేసినవాళ్లని, అప్పులిచ్చినవాళ్ల ముఖం చూడకుండా ఆశ్రమాల చుట్టూ తిరిగేవాళ్లని చూసినప్పుడు నాకు ఆ విరిగిన పిన్నే గుర్తొస్తుంది. వాళ్లకి దొరికిన ప్రశాంతత అబద్ధం అనను. చెవికి అది ప్రశాంతతే. నేలతో సంబంధం తెంపి తెచ్చుకున్నది కాబట్టి దాన్ని నమ్మలేను.

సరే, కండెన్సర్లు మార్చాం, ఎర్తు సరిచేశాం. చిటపటలాడే పాత కార్బన్ రెసిస్టెన్సులు తీసేసి కొత్తవి వేశాం. పెన్సిలుతో తట్టి చూసి, తట్టినప్పుడల్లా ఖణ్‌మనే వాల్వుని మార్చాం. ఇప్పుడు వాల్యూమ్ పెంచి స్పీకరు దగ్గర చెవి పెడితే? ఇంకా ఒక సన్నని సుయ్‌మనే చప్పుడు ఉంటుంది. ఇది ఎవడి తప్పూ కాదు. 1928లో అమెరికాలోని బెల్ లాబ్స్‌లో పనిచేసే జాన్సన్ దీని కొలతలు ప్రచురించాడు, నైక్విస్ట్ కారణం తేల్చాడు. ఏ రెసిస్టెన్సులోనైనా, అది వేడిగా ఉన్నంతకాలం, ఎలక్ట్రాన్లు కదులుతూనే ఉంటాయి, ఆ కదలికే చప్పుడు. గిటారు యాంప్లిఫైర్లలో ఇన్‌పుట్ దగ్గర సాధారణంగా వేసే 68 కిలో ఓమ్‌ల రెసిస్టెన్సు, మామూలు గది వేడిలో, 10 వేల హెర్ట్జ్ మేర సుమారు 3 మైక్రోవోల్టుల చప్పుడు చేస్తుంది. ఎంత ఖరీదైన రెసిస్టెన్సు వేసినా ఇంతకు తగ్గదు. అది పూర్తిగా పోవాలంటే సున్నాకి కింద 273 డిగ్రీల చలి కావాలి. ఆ చలిలో పాటా లేదు, పాడేవాడూ లేడు.

అనకాపల్లి దగ్గర శంకరం ఊరి పక్కన బొజ్జన్నకొండ మీద, రాతిలో తొలిచిన స్తూపాల మధ్య ఒకప్పుడు బౌద్ధ భిక్షువులు కూర్చున్నారు. చిత్తం స్వతహాగా వెలుగేననీ, మాలిన్యాలు బయట నుంచి వచ్చి పోయేవనీ బౌద్ధ సూత్రాల్లో ఒక మాట ఉంది. శైవ సిద్ధాంతులు అలా అనరు. ఆణవ మలం అనే మాలిన్యం జీవుడికి అనాదిగా అంటుకునే ఉందంటారు. ఇద్దరిలో ఎవరు ఒప్పు అని వాదించుకునే పెద్దలకి నా బల్ల మీది సెట్టు చూపించాలనిపిస్తుంది. లైను నుంచి వచ్చిన 100 రొద వచ్చి పోయేదే, వెళ్లగొట్టాల్సిందే. రెసిస్టెన్సులోని సుయ్‌మనే చప్పుడు పుట్టుకతో వచ్చింది. రెండూ ఒకే స్పీకరులో వినిపిస్తాయి కనక మనం రెంటినీ ఒకటే అనుకుంటాం.

పుట్టుకతో వచ్చిన చప్పుడుకి చెయ్యగలిగింది ఒకటుంది. మొదటి వాల్వు, సాధారణంగా ఈసీసీ 83, తన దగ్గరికి వచ్చినదాన్ని యాభై రెట్ల దాకా పెంచుతుంది. ఆ వాల్వు దగ్గర పాట ఎంత, చప్పుడు ఎంత అన్న లెక్క అక్కడే తేలిపోతుంది. తర్వాతి వాల్వులు రెంటినీ కలిపే పెంచుతాయి. గిటారు మీది నాబ్ సగంలో పెట్టుకుని సెట్టు మీద పెంచేవాళ్లకి చప్పుడు ఎక్కువ. గిటారు నాబ్ నిండుగా తిప్పి సెట్టు తగ్గించుకుంటే అదే సెట్టు శుభ్రంగా పలుకుతుంది. మా ఊళ్లో భజన చేసేవాళ్లు మనసు నిలిచేదాకా ఆగరు. గొంతెత్తి మొదలుపెడతారు. వాళ్ల పద్ధతి సరైనదని నాకు లెక్క ప్రకారమే తోస్తుంది. నాదబిందూపనిషత్తు కూడా యోగిని ఒక్కసారిగా నిశ్శబ్దంలోకి పొమ్మనలేదు. ముందు సముద్రం, మేఘం, భేరి లాంటి పెద్ద చప్పుళ్లు విని, తర్వాత సన్నవాటి వెంట పొమ్మంది.

చర్చి కుర్రాడికి రెండు మాటలు చెప్పాను. నైవేద్యం బలిపీఠం దగ్గర పెట్టి, ముందు వెళ్లి నీ సహోదరుడితో సమాధానపడి రమ్మని మీ ఏసుప్రభువే కొండమీది ప్రసంగంలో చెప్పాడు కదా, లోపలి గోల అలాంటిదైతే ప్రార్థన ఆపి పోయి మాట్లాడి రా. అలాంటిది కాక, ఊరికే బతికున్న మనసు చేసే సుయ్‌మనే చప్పుడైతే దాని కోసం ఆగకు, గోలలోనే మొదలుపెట్టు.

రిటైరైన తెలుగు మాస్టారు ఒకాయన దీనికి ఒప్పుకోరు. "ఆ సుయ్ వింటున్నవాడు సుయ్ కాదు కదయ్యా, సాక్షిలో చప్పుడెక్కడిది?" అంటారు. అద్వైతం ప్రకారం ఆయన మాటకి తిరుగులేదు. సెట్టుకి తన చప్పుడు తనకి తెలియదు, మనిషికి తెలుస్తుంది; నా ఉపమానం అక్కడ ఆగిపోతుందని నేనూ ఒప్పుకుంటాను. కానీ సాక్షిని నేను బల్ల మీద పెట్టి మీటరుతో చూడలేను. నా దగ్గరికి వచ్చేవాళ్లకి సాయంత్రం ఆరింటికి పాట మొదలవ్వాలి. ఈ మాట మీద ఆయనకీ నాకూ ఇంకా తెగలేదు.