మన తరువాత త్రాగువారు

ధ్యానమునకు వాక్యభాగములు: యెహెజ్కేలు 34:17–19, యోహాను 6:12, సంఖ్యాకాండము 27:1–7



యెహెజ్కేలు ప్రవక్త మందను గూర్చి పలికిన మాటలలో ఒక సంగతి మన పల్లెలవారికి విప్పి చెప్పనక్కరలేదు. బలిసిన గొఱ్ఱెలు మంచి మేత మేసినవి, తేట నీళ్లు త్రాగినవి. అయితే అవి అంతటితో ఊరకుండలేదు. తాము మేయగా మిగిలినదానిని కాళ్లతో త్రొక్కినవి. తాము త్రాగగా మిగిలిన నీటిని కలకచేసినవి. వెనుక వచ్చిన బక్క గొఱ్ఱెలు త్రొక్కిన గడ్డిని మేసి బురద నీటిని త్రాగవలసివచ్చెను. కాపరియైన దేవుడు ఈ సంగతిని గూర్చియే గొఱ్ఱెకును గొఱ్ఱెకును మధ్య తీర్పు తీర్చెదనని చెప్పుచున్నాడు.

మన తరువాత త్రాగువారికి మనము బాకీపడియున్నామా? ఈ నెల మేము మీ ముందు పెట్టదలచిన ప్రశ్న ఇదియే.

పూర్వము మన ఊళ్లలో పారవేయబడినది మరల నేలలోనికే పోయెడిది. విస్తరాకు, అరిటాకు, బూడిద, పేడ, పొట్టు – ఇవన్నియు పెంటకుప్పలో చివికి పొలమునకు బలమాయెడివి. నేడు కుప్ప యున్నది గాని ఎరువు లేదు. టీ త్రాగునంతసేపు పనికివచ్చిన కప్పు, అంగడినుండి ఇంటికి వచ్చువరకు పనికివచ్చిన కవరు మన మనుమల కాలమువరకు నేలలో చివుకక యుండును. అందుచేత రెండు ప్రశ్నలు పుట్టుచున్నవి. అజాగ్రత్తగా వ్యర్థపరచుట పాపమా, లేక శుభ్రత లేకపోవుట మాత్రమేనా? పాపమే యైనయెడల, మన వాకిలి మనము ఊడ్చుకొనిన చాలునా, లేక పంచాయతీ యెదుటను అధికారుల యెదుటను నిలిచి మంచి కట్టుబాట్లు కావలెనని బహిరంగముగా అడుగవలెనా? “సంఘము సువార్తపని విడిచి చెత్తను గూర్చి అర్జీలు వ్రాయుటయా?” అని కొందరు పెద్దలు అడుగుచున్నారు. అది నిజాయితీగల ప్రశ్న. దానికి నిజాయితీగల జవాబు చెప్పవలెను.

మొదటి ప్రశ్నకు యోహాను సువార్త ఆరవ అధ్యాయము చూడుడి. అయిదు రొట్టెలతో అయిదువేలమందిని తృప్తిపరచిన ప్రభువు, మిగిలిన ముక్కలు నష్టము కాకుండ ప్రోగుచేయుమని శిష్యులకు ఆజ్ఞాపించెను. ఆయనకు రొట్టె కరవా? కావలసినయెడల మరల విస్తరింపజేయగలడు గదా! కాబట్టి ఆ ఆజ్ఞ లేమివలన వచ్చినది కాదు. ఇచ్చినవానియందలి గౌరవమువలన వచ్చినది. దేవుని చేతినుండి వచ్చిన రొట్టె ఎట్లు వరమో, మిగిలిన ముక్కయు అట్లే వరము. పండ్రెండు గంపలు నిండిన పిమ్మట గాని ఆ విందు ముగిసినట్లు కాలేదు.

ఇప్పుడు మన వీధిలో జరుగుచున్నది చూడుడి. ఒక ఇల్లాలు మిగిలిన అన్నము కవరులో పోసి, ముడివేసి, కుప్పమీద పెట్టును. ఆమె చెడ్డది కాదు. ఈగలు ముసరకూడదనియే ముడివేసెను. ఆవు వచ్చును. మేక పెదవులతో ఏరి తినునట్లు ఆవు ఏరుకొనలేదు; ముందు మ్రింగి, తరువాత నెమరువేయుట దాని స్వభావము. అన్నముతోకూడ కవరును మ్రింగును. అది దాని మొదటి పొట్టలో నిలిచిపోవును. అరగదు, బయటికి రాదు. పొట్ట నిండియున్నట్లు కనబడును గాని పశువు చిక్కి చిక్కి చచ్చును. ఆ ఆవు ఎవరిది? తరచుగా ఒక విధవరాలిది, లేక పాలమ్మి బిడ్డకు బడి ఫీజు కట్టు కూలివానిది. ముడివేసిన చేతికి ఆ యిల్లు తెలియదు.

కాల్చివేసిన పోవునందుమా? ఫ్లెక్సీ గుడ్డలవంటివాటిలో పి.వి.సి. యుండును. అది కాలునప్పుడు డయాక్సిన్లు అను విషములు పుట్టును. ఆ పొగ ప్రక్కయింటి పసిబిడ్డ ఊపిరిలోనికి పోవును. కాలువలో వేసిన పోవునందుమా? తూము మూసికొనిపోయి మురుగునీరు దిగువ ఇండ్లలోనికి వచ్చును. “పోవుట” అనునది లేదు, ప్రియులారా. మనయొద్దనుండి మరియొకనియొద్దకు చేరుటయే యున్నది.

ద్వితీయోపదేశకాండము 22:8లో క్రొత్త ఇల్లు కట్టువాడు మిద్దెమీద పిట్టగోడ కట్టవలెనను ఆజ్ఞ యున్నది. ఎవడైనను పడి చావవలెనని కోరి ఇల్లు కట్టువాడెవడు? అయినను పడినవాని రక్తము ఆ యింటిమీదికి వచ్చునని ధర్మశాస్త్రము హెచ్చరించుచున్నది. కీడు తలపకపోవుట చాలదు. కీడు కలుగకుండ చూచుటయు మన పనియే. వ్యర్థపరచుట పాపమా అను ప్రశ్నకు మా జవాబు ఇదే: వెనుకవాని తట్టు చూడక పారవేయుట పొరుగువానిని ప్రేమించుటలో తప్పిపోవుట.

మరియొక సంగతి మన సంఘములు మరువరానిది. మనలో అనేకుల తాతలు ఊరివారందరి మలినము ఎత్తిన చేతులు గలవారు. ఇప్పటికిని చాల ఊళ్లలో చెత్తకుప్ప పెద్దల ఇండ్ల యెదుట ఉండదు. మన పేట ప్రక్కన ఉండును. కోలారు బంగారు గనులయొద్ద తెలుగు మాటలాడు కుటుంబములో పుట్టిన బెజవాడ విల్సన్ ఈ అవమానమును చూచి పెరిగినవాడే. చేతులతో మలము ఎత్తించుటను నిషేధించుచు 1993లో చట్టము వచ్చెను గాని పని ఆగలేదు. ఆయనయు సఫాయి కర్మచారి ఆందోళన్ అను సంఘమువారును ఊరూర తిరిగి, లెక్కలు వ్రాసి, 2003లో సుప్రీంకోర్టులో అర్జీ వేసిరి. 2013లో మరింత గట్టి చట్టము వచ్చెను. 2014లో కోర్టు తీర్పు వచ్చెను. 2016లో విల్సన్‌గారికి మెగసెసే బహుమానము ఇయ్యబడెను. నేటికిని మురుగు గుంటలలో దిగి మనుష్యులు చచ్చుచున్నారు గనుక ఆ పని ముగియలేదు. పారవేయువాని చేయి ఒకటి, ఎత్తువాని చేయి మరియొకటి యని దీనివలన నేర్చుకొనుచున్నాము.

ఇక రెండవ ప్రశ్న. మన వాకిలితోనే మొదలుపెట్టవలెననుట నిజమే. అయితే అంగడిలో కవరు తప్ప మరేమియు దొరకనియెడల గుడ్డసంచి తెచ్చువాడొక్కడు ఏమి చేయును? పై ఊరి చెత్త కాలువలో వచ్చుచుండగా క్రింది ఊరివాడు రేవు ఎంత శుభ్రపరచుకొనును? కొన్ని మేళ్లు ఒంటరిగా చేయగలము. కొన్ని అందరికిని ఒక కట్టుబాటు ఉంటేనే జరుగును.

సెలోపెహాదు కుమార్తెలు అయిదుగురు. తండ్రికి కుమారులు లేనందున స్వాస్థ్యము పోవుచుండెను. వారు ఇంట కూర్చుండి సణుగలేదు, గలిబిలియు చేయలేదు. ప్రత్యక్షపు గుడారము ద్వారమునొద్దకు వచ్చి, మోషే యెదుట, యాజకుని యెదుట, ప్రధానుల యెదుట, సర్వసమాజము ఎదుట నిలిచి తమ సంగతి క్రమముగా చెప్పిరి. వారు చెప్పినది యుక్తమని దేవుడు సెలవిచ్చెను. తీర్పు ఆ అయిదుగురితో ఆగలేదు. ఇశ్రాయేలంతటికి విధి ఆయెను. తామెన్నడు చూడబోని ఆడుబిడ్డలకు వారు మేలు చేసిరి. బహిరంగముగా న్యాయము అడుగుట భక్తిహీనత కాదని దీనివలన తెలియుచున్నది.

మన దేశములోను అట్లే జరిగెను. 1996లో అల్మిత్రా పటేల్ అను స్త్రీ పట్టణముల చెత్తను గూర్చి సుప్రీంకోర్టుకు వెళ్లెను. దాని ఫలితముగా 2000లో పట్టణముల చెత్తకు నియమములు ఏర్పడెను. 2012లో పుట్టపర్తిలోని కరుణా సొసైటీవారు మరికొందరితో కలిసి, ప్లాస్టిక్ మ్రింగి చచ్చుచున్న ఆవుల పక్షముగా అదే కోర్టులో అర్జీ వేసిరి. నోరులేనివాని పక్షముగా నోరు తెరువుమను సామెతల మాట (31:8) పశువులకును తగదా? 2016లో ప్లాస్టిక్ చెత్తను గూర్చిన నియమములు వచ్చెను. వాటిని 2021లో సవరించి, 2022 జూలై 1 నుండి ప్లాస్టిక్ పళ్లెములు, కప్పులు, గ్లాసులు, చెంచాలు, స్ట్రాలు, అలంకరణకు వాడు థర్మోకోల్ మొదలైనవాటిని దేశమంతట నిషేధించిరి. కవర్లు 120 మైక్రాన్లకు తక్కువ మందము గలవి అమ్మరాదను నియమము 2022 డిసెంబరు 31 నుండి యున్నది. మందమునుగూర్చి పట్టింపు ఏల? పల్చని కవరును దాచుకొనువాడు లేడు, ఏరుకొనువాడు లేడు, గాలికి పోవును. మందముగలది మరల వాడుదురు, పాతసామానువాడు కొనును.

నియమము కాగితముమీద ఉన్నది. సంతలో పల్చని కవరును ఉన్నది. ఈ రెంటి మధ్య దూరము తగ్గించుటకే ప్రజలు నోరు తెరువవలసియున్నది.

మూడు అభ్యంతరములు వినవచ్చుచున్నవి. “లోకము గతించిపోవునది గదా” యని ఒకటి. కౌలు గడువు ముగియునని తెలిసిన కౌలుదారుడు పొలములో రాళ్లు పోసి వెళ్లునా? భూమి నాదే, మీరు నాయొద్ద పరదేశులని దేవుడు లేవీయకాండము 25:23లో తెలిపెను. గడువు దగ్గరపడినకొలది నమ్మకమైన కౌలుదారునికి జాగ్రత్త ఎక్కువగును.

“మేము బీదలము, పట్టణములును కర్మాగారములును చేయుదానిలో మాది ఎంత?” అని రెండవది. ఇది నిజము. అందుచేతనే వ్యక్తిగత శుభ్రతతో ఆగక పైవారిని అడుగవలెను. ప్లాస్టిక్ తయారుచేసి అమ్మువారు దాని చెత్తను తిరిగి చేర్చుకొను బాధ్యత వహించవలెనని 2016 నియమములే చెప్పుచున్నవి. ఇడ్లీలమ్ము విధవరాలికి జరిమానా వేసి, కవర్లు తయారుచేయువానిని విడిచిపెట్టినయెడల అది న్యాయము కాదు. అట్టి అన్యాయము జరుగునప్పుడు ఆమె ప్రక్కన నిలువవలసినవారము మనమే. ఆమెయొద్ద కవరు మాన్పించువారు ఆమెకు ఆకులు దొరకు మార్గమును చూపవలెను.

“ఇది రాజకీయము, తగవు” అని మూడవది. పౌలు తన పౌరహక్కును చెప్పుకొనుటకు వెనుదీయలేదు (అపొ. కార్య. 22:25). ప్రకృతిని కాపాడుట పౌరుని విధియని 1976లో మన రాజ్యాంగమున చేర్చబడెను; గ్రామసభకు 1992 సవరణవలన రాజ్యాంగమున స్థానము కలిగెను. జెండా పట్టనక్కరలేదు, దూషింపనక్కరలేదు. అయితే ఇది వెలలేని పని యని మేము చెప్పము. శ్రీకాకుళము జిల్లా సోంపేటలో బీల భూములయందు విద్యుత్కేంద్రము వద్దని రైతులును మత్స్యకారులును నిలిచినప్పుడు, 2010 జూలై 14న పోలీసు కాల్పులలో ప్రాణములు పోయెను. ఆ దినములలోనే ఆ కేంద్రమునకిచ్చిన పర్యావరణ అనుమతి రద్దాయెను. కనుక ఎవరును ఈ పనిని వినోదముగా ఎంచరాదు. ప్రార్థనతో, సత్యముతో, శాంతముతో చేయవలెను.

అడుగువాని చేతులు మొదట శుభ్రముగా నుండవలెను. రాబోవు క్రిస్మసుకు థర్మోకోల్ నక్షత్రమునకు బదులు వెదురుబద్దలును కాగితమును చాలవా? ప్రేమవిందుకు విస్తరాకులు కుట్టుకొందము. లేదా ఇంటికొక స్టీలు పళ్లెము, ఒక గ్లాసు చొప్పున కానుక తెచ్చి సంఘపు సామానుగా ఉంచుకొందము, పెండ్లికిని చావుకును కులభేదము లేక ఊరివారందరికి ఇత్తము. కూటములకు కాపరుల బొమ్మలతో ఫ్లెక్సీలు కట్టుట మాని గుడ్డమీద వాక్యము వ్రాయించుదము. కాపరి ముఖము సంఘమునకు తెలిసినదే.

పిమ్మట రాబోవు గ్రామసభకు ఒక అర్జీ వ్రాయుదము. ఇండ్లకును చెరువునకును దూరముగా చెత్తకు స్థలము ఏర్పరచవలెను. పల్చని కవర్ల అమ్మకము ఆపవలెను. ఊడ్చువారికి నెలనెల జీతమును చేతితొడుగులును ఇయ్యవలెను. ఈ మూడు చాలును. మనతోకూడ హిందువులును ముస్లిములును చేవ్రాలు చేయుదురు గాక, నీళ్లు అందరివి. అర్జీ ఇచ్చి రసీదు పుచ్చుకొనుడి. జవాబు రానియెడల మరుసటి సభకు మరల వెళ్లుడి. లూకా 18లోని విధవరాలు ఒక్కసారి తలుపు తట్టి ఇంటికి పోయినది కాదు.

తీర్పు దినమున ఎంత తింటిమో, ఎంత త్రాగితిమో మాత్రమే కాక, మనము లేచిపోయిన తరువాత రేవులో నీళ్లు ఎట్లున్నవో కూడ అడుగబడుదుము. ఆ నీళ్లు తేటగా నుండునట్లు దేవుడు మన చేతులను, మన నోళ్లను వాడుకొనును గాక. ఆమేన్.