సున్నం కింద దాచిన తేమ

వర్షాకాలం వెళ్ళిపోయినా కొన్ని ఇళ్ళ గోడలు ఆరవు. మూలల్లో నల్లని బూజు పాకుతుంది, సున్నం పెచ్చులుగా రాలుతుంది. అద్దెకున్నవారు ఖాళీ చేయగానే ఆ గోడకు రెండు పూతల రంగు వేసి కొత్తవారికి ఇల్లు చూపించడం మన ఊళ్ళలో మామూలైపోయింది. ఇది వ్యాపార నేర్పా, మోసమా? ప్రశ్న చిన్నదిగా కనిపించవచ్చు. కాని మన విశ్వాసానికి దీనితో సంబంధం ఉంది.

"నేను అబద్ధం చెప్పలేదు. వారే వచ్చి ఇల్లు చూసుకున్నారు. గోడ గురించి అడగలేదు, నేను చెప్పలేదు. వాన కురిస్తే తప్పు నాదా?" అని ఇంటి యజమాని అనవచ్చు.

దైవప్రవక్త ముహమ్మద్ (సల్లల్లాహు అలైహి వ సల్లం) ఒకసారి ధాన్యపు రాశిలోకి చేయి పోనిచ్చారు. వ్రేళ్ళకు తడి తగిలింది. ఇదేమిటని అడిగితే, వానకు తడిసిందని అమ్మేవాడు చెప్పాడు. జనం చూసేలా ఆ తడి ధాన్యాన్ని పైన ఎందుకు పెట్టలేదని ఆయన (స) నిలదీశారు. మోసగించేవాడు తన వాడు కాడని హెచ్చరించారు. సహీహ్ ముస్లింలోని ఈ హదీసును కాస్త ఆలోచించి చూడండి. ఆ వర్తకుడు నోటితో అబద్ధమాడలేదు. వాన కురవడం అతని తప్పూ కాదు. తడి కిందనే ఉండగా పొడిని మాత్రమే కనబడనివ్వడం అతని తప్పు. తడి గోడ మీది రంగు పూత కూడా అలాంటిదే.

పైగా ధాన్యంలో పోయేది డబ్బు, ఇక్కడ పోయేది ఆరోగ్యం. బూజు నుండి కంటికి కనబడని రేణువులు గాలిలో కలుస్తాయి. తేమ, బూజు ఉన్న ఇళ్ళలో నివసించేవారికి శ్వాస సంబంధమైన బాధలు, ఉబ్బసం వచ్చే ప్రమాదం ఎక్కువని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009లో వెలువరించిన మార్గదర్శకాలలో పేర్కొంది. రంగు వేస్తే బూజు పోదు. డాబా పగులో, కారే పైపో, పునాది నుండి పైకి పాకే నీరో, అసలు కారణాన్ని సరిచేస్తేనే గోడ ఆరుతుంది.

మరి అద్దె మీదే బ్రతికే పేద యజమానురాలు మరమ్మతుకు డబ్బు ఎక్కడి నుండి తెస్తుంది? షరీఅత్ ఎవరి మీదా శక్తికి మించిన భారం మోపదు. గోడ చూపించి, ఉన్నమాట చెప్పి, అద్దె తగ్గించుకుంటే చాలు. తెలిసి ఒప్పుకున్నవాడు మోసపోయినవాడు కాడు. లోపాన్ని దాచితే మాత్రం, అది నివాసానికి భంగం కలిగించేదైనప్పుడు ఒప్పందాన్ని రద్దు చేసుకునే హక్కు అద్దెదారునికి ఉందని ధర్మవేత్తలు తెలిపారు.

అద్దెకుండేవారికీ బాధ్యత ఉంది. ఇల్లు వారి చేతిలో అమానతు. కిటికీలు మూసి గదిలోనే బట్టలు ఆరవేయడం, పైపు కారుతుంటే నెలల తరబడి చెప్పకపోవడం అమానతును కాపాడటం కాదు. తడిసిన చోటును ఒకటి రెండు రోజుల్లో ఆరబెట్టకపోతే బూజు మొలకెత్తుతుంది. అలాగే పై అంతస్తులోని స్నానాలగది నీరు కింది వారి గోడలోకి దిగుతుంటే, అది పొరుగువారి హక్కును కాలరాయడమే. ఖాళీ చేసిన ఇంటి గురించి మరొకరు సలహా అడిగితే ఉన్నది ఉన్నట్లు చెప్పడం పరోక్షనింద కాదు, శ్రేయోభిలాష.

రంగు మనుషుల కళ్ళను కప్పగలదు, అల్లాహ్ దృష్టిని కాదు. దాచిన లోపం మీద వచ్చే అద్దెలో శుభం ఉండదు. మన ఇళ్ళను, మన లావాదేవీలను పరిశుభ్రంగా ఉంచుకునే సద్బుద్ధిని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.