లావు ఎవరి తప్పు?

లావుగా ఉన్న పిల్లవాణ్ణి చూడగానే మన నోట వచ్చే మాట ‘తిండిపోతు’. తిండిపోతుతనం మూలపాపాలలో ఒకటని సత్యోపదేశంలో నేర్చుకున్నాం. తెలిసి, ఇష్టపడి చేసినదానికే మనిషి పూర్తి బాధ్యుడనీ నేర్చుకున్నాం. తన కంచంలో ఏమి వడ్డించాలో చెప్పే హక్కు లేని పసివానికి ఆ పేరు పెట్టడం న్యాయమా?

అమెరికాలోని ఫిలడెల్ఫియా నగరాన్ని చూడండి. అక్కడి ప్రభుత్వ పాఠశాలల్లో పేదింటి పిల్లలే ఎక్కువ. 2004లో అధికారులు బడుల్లోని అమ్మకపు యంత్రాల నుండి తీపి సోడాలను తీసివేశారు. తరువాత వంటశాలల్లో నూనెలో వేయించే పాత్రలనూ తొలగించారు. 2006-07లో నూటికి 21.5 మంది విద్యార్థులకు స్థూలకాయం ఉండగా, 2009-10 నాటికి అది 20.5కు తగ్గింది. తగ్గుదల స్వల్పమే. ఏ ఒక్క చర్యో దానికి కారణమని చెప్పలేం. అయినా ఒకటి గమనించండి: అక్కడివారు పిల్లలకు నిగ్రహం బోధించి ఊరుకోలేదు, వారి ముందు పెట్టేదాన్ని మార్చారు.

మన ఇళ్లలో చిప్స్ పొట్లం, కూల్ డ్రింకు కొని తెచ్చేది ఎవరు? సాయంత్రపు ఆటను ట్యూషన్‌కు అప్పగించినది ఎవరు? బిడ్డను గేలి చేయడానికి క్షణం చాలు. వాడితో కలిసి రోజూ అరగంట నడవడానికి ప్రేమ కావాలి. నిందించే ముందు, వాడి ముందు మనమేమి పెడుతున్నామో చూసుకుందాం.