మితవ్యయము గృహధర్మము



ధర్మము దేవాలయమునందో సభామందిరమునందో వినవలసిన మాట యని మనలో పెక్కుర తలంపు. వంటయింటి పప్పుడబ్బాయందును, కిరాణాకొట్టు చీటియందును దానికి తావున్నదని యెవరు తలంతురు? కాని గృహస్థుడు దినమునకు నాలుగైదు సారులు సొమ్ము చేజార్చుచున్నాడు. అట్లు చేజార్చిన ప్రతిసారియు తనకేది ప్రియమో, తనవారిలో నెవరి యవసరము తనకు ముఖ్యమో తెలియకయే చాటుకొనుచున్నాడు. కావున నేడు గృహవ్యయమును గూర్చి కొన్ని మాటలు విన్నవించెదము.

మేము న్యాయవాదివృత్తిలో నుండుటచే నప్పుల వ్యాజ్యములు మాకు నిత్యపరిచితములు. ప్రతివాదులలో జూదరులు తక్కువ. గౌరవస్థులైన సంసారులే యెక్కువ. బిడ్డ పెండ్లికో, ఆసుపత్రి ఖర్చునకో, కళాశాల రుసుమునకో ఒక లక్ష రూపాయలు, నూటికి నెలకు రెండు రూపాయల వడ్డీకి ప్రామిసరీనోటు వ్రాసి తెత్తురు. మూడేండ్లకు వడ్డీ రూ. 72,000 అగును. నోటునకు కాలదోషము పట్టునని ఋణదాత దానిని తిరుగ వ్రాయించుకొనును. వడ్డీ యసలులో గలిసి రూ. 1,72,000 క్రొత్త యసలగును. మరి మూడేండ్లు గడచునప్పటికి బాకీ రూ. 2,95,840.

ఇక రెండవ లెక్క చూడుడు. దినమునకు రూ. 50 మిగిల్చినవానికి సంవత్సరమునకు రూ. 18,250 చేరును, వడ్డీ మాట విడిచినను ఆరేండ్లకు రూ. 1,09,500 అగును. ఒకడు లక్ష కూడబెట్టిన యారేండ్లలోనే మరియొకడు దాదాపు మూడు లక్షలు బాకీపడుచున్నాడు. ఈ యిరువురి జీతము సమానమే కావచ్చును. రెక్కాడిన గాని డొక్కాడని పేదలకు మితవ్యయము బోధించుట పరిహాసము; వారికి కావలసినది న్యాయమైన కూలి. మేము చెప్పునది కలిగియు చాలదనుకొను మనబోంట్లకు.

ఆ యేబది రూపాయలు ఎచ్చట దొరకుననగా, ఇంటి పద్దు పుస్తకమున దొరకును. నోటును చేత బట్టి యిచ్చునప్పుడు కలుగు సంకోచము సెల్‌ఫోనుతో చెల్లించునప్పుడు కలుగదు. కావున అట్టి చెల్లింపులనే ముందుగా పుస్తకమున కెక్కింపవలయును. నెల సరకులకు ముందు చీటి వ్రాసికొని యొక్కసారి కొన్నయెడల, అంగడికి పోయిన ప్రతిసారియు కంటి కింపైనదెల్ల కొను దురభ్యాసము తొలగును. కందిపప్పును నానబెట్టి వండిన గ్యాసు తగ్గును. ఎవరును లేని గదిలో 75 వాట్ల పంకా పది గంటలు తిరిగినచో ముప్పాతిక యూనిటు విద్యుత్తు వృథాయగును. ఇవి చిన్నవే, కాని సంసారము చిన్నవాని మొత్తమే గదా!

అయితే మితవ్యయమున నొక గొప్ప ప్రమాదము కలదు. దానిని మా దోషము చెప్పియే వివరించెదము. కొన్ని యేండ్ల క్రిందట మేము మా యింట ఖర్చు తగ్గింపవలయునని యాజ్ఞాపించితిమి. నెల తుదిని చూడగా పాల పద్దు నాలుగవ వంతు తగ్గి యుండెను. మిక్కిలి సంతోషించితిమి. నాటి రాత్రి భోజనవేళ గృహిణి కంచమున పెరుగు లేకుండుట గాంచి కారణమడిగితిమి. “మీకును పిల్లలకును సరిపోవుచున్నది గదా” యని యామె బదులు పలికెను. అదే పుస్తకమున మా మిత్రగోష్ఠుల కాఫీ ఫలహారముల పద్దు ఒక్క రూపాయియు తగ్గలేదు. ఆజ్ఞ మాది; ఉపవాస మామెది. ఆ రాత్రి మేము పడిన సిగ్గు ఇప్పటికిని మరువలేదు.

ఎవరి నోటినుండి తీసి మిగిల్చితిమను ప్రశ్న వేసికొనని పొదుపు పొదుపు కాదు. బలవంతుడు బలహీనునిపై వేసిన పన్ను. మన గృహములలో ఖర్చు తగ్గింపవలసి వచ్చినప్పుడు మొదట తగ్గునది ఆడుబిడ్డ చదువు, ముదుసలి తల్లి మందు, పనిమనిషి జీతము. చిట్టచివర తగ్గునది ఆడంబరము.

ఈ సత్యమును పండితులకంటె ముందు గ్రామస్త్రీలు గ్రహించిరి. 1992వ సంవత్సరమున నెల్లూరు జిల్లా దూబగుంట గ్రామ వనితలు సారాపై తిరుగబడిరి. తమ మగవారి కూలి సారా కొట్టునకు పోవుచుండగా పిల్లలు పస్తుండుటను వారు కన్నులార చూచినవారు. ఆ యుద్యమము పల్లెపల్లెకు వ్యాపింపగా, 1993 అక్టోబరు 1వ తేదీనుండి రాష్ట్రమున సారా నిషేధింపబడెను. వారంతటితో నూరకుండలేదు. ఆ జిల్లా స్త్రీలు సంఘములుగా గూడి దినమునకొక రూపాయి చొప్పున దాచుకొన మొదలిడిరి. ఆ పొదుపు ఎవరి కంచమునుండియు తీసినది కాదు. కుటుంబమును కాల్చిన వ్యసనమునుండి తీసినది. మితవ్యయ మనగా నిదియే.

కావున సోదరులారా, మూడు నియమములు మనవిచేయుచున్నాము. పద్దు పుస్తకమును దంపతులిరువురును కలిసి వ్రాయుడు. తగ్గింపవలసినప్పుడు యజమాని తన సొంత ఖర్చునుండియే మొదలిడుడు. నెల తుదిని మిగిలినది దాతమనక, నెల మొదటనే కొంత సొమ్ము తపాలా కార్యాలయముననో బ్యాంకుననో వేయుడు. పదియేండ్లు నిండని కుమార్తె పేర సొమ్ము దాచుటకు 2015లో సుకన్య సమృద్ధి ఖాతా యేర్పడినది, సంవత్సరమునకు రూ. 250 వేసినను చాలును. ఆ సొమ్ము ఆమె కట్నమునకు గాక చదువునకు వినియోగపడునట్లు చూచుట తండ్రి ధర్మము.

లోభికిని మితవ్యయికిని చేత ధనము నిలుచును. లోభి యింట ఆకలియు నిలుచును. మితవ్యయి యింట నిలువదు. మన కొసగబడిన ప్రతి రూపాయియు మన యింటివారందరి సొత్తని గుర్తెరుగు బుద్ధిని పరమేశ్వరుడు మనకు ప్రసాదించుగాక!