అటకానితిప్ప దగ్గర వాదన

తిరుపతి జిల్లాకు సముద్రం ఉందన్న సంగతి తిరుపతి వాళ్ళలోనే చాలామందికి గుర్తుండదు. 2022 ఏప్రిల్‌లో జిల్లాల హద్దులు మారినప్పుడు నెల్లూరు నుంచి సూళ్లూరుపేట, తడ, దొరవారిసత్రం వైపంతా ఇటు కలిసింది. దాంతోపాటు పులికాట్ సరస్సులో మన రాష్ట్రం వాటా, అందులోని దీవులు, రాకెట్లు ఎగిరే శ్రీహరికోట కూడా మన లెక్కలోకి వచ్చాయి. కాగితం మీద ఈ చుట్టరికం కొత్తదే గానీ నీళ్ళకు మాత్రం పాతదే. నాగలాపురం కొండల్లో పడిన వాన ఆరణి నదై పిచ్చాటూరు దాటి, కె.వి.బి. పురం వైపు వాన కాళంగై సూళ్లూరుపేట దాటి, చివరికి చేరేది ఈ సరస్సులోకే. చిత్తూరు రైతు వానకు మొక్కుకున్నప్పుడల్లా, తనకు తెలియకుండానే, ఇక్కడి కొంగల తరఫున కూడా మొక్కినట్టే.

మా మేనత్త వృక్షశాస్త్రం పాఠాలు చెప్పి రిటైరైన మనిషి. వాదన లేనిదే ఆమెకు ముద్ద దిగదు. జనవరిలో ఆమెతో కలిసి సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోట పోయే రోడ్డు మీద, నడిమధ్య అటకానితిప్ప దగ్గర దిగాను. రోడ్డుకు రెండు పక్కలా కనుచూపు మేర నీళ్ళు, ఆ నీళ్ళ లోతు మోకాళ్ళకు కాస్త పైన. ఈశాన్యం నుంచి గాలి ఆగకుండా కొడుతోంది. ఫ్లెమింగోలు వందల్లో, అన్నీ గాలికి ఎదురు మొహం పెట్టి, తలలు తలకిందులుగా నీళ్ళలో ముంచి బురద వడగట్టుకుంటున్నాయి. గులాబీ రంగు వాటి మధ్య బూడిదరంగువి కొన్ని. అవి ఇంకా ఈడు రాని పిల్లలు. తినే నాచులోని, చిన్న చిన్న రొయ్యల్లోని రంగు ఈకలకు ఎక్కడానికి ఏళ్ళు పడుతుంది.

నేను అలవాటైన మాటే అన్నాను. "ఎంత మారుమూల అత్తా! మనిషి వేలు పెట్టని చోటు ఇట్లుంటుంది."

"రేయ్ అబ్బోడా, తారు రోడ్డు మీద నిలబడి మనిషి వేలు పెట్టలేదంటావేమి?" అంది. "సూళ్లూరుపేటలో దోసె తిని గంట కాలేదు. ఎవురికిరా ఇది మారుమూల?"

"తిరుపతికి."

"ఆ పక్షి కచ్ రణ్‌లో పుట్టి ఇక్కడికొచ్చిందనుకో. దాని లెక్కన తిరుపతే మారుమూల. మన ఊరు దారిలో ఉండాదో లేదో కూడా దానికి పట్టదు."

సరే, పక్షి సంగతి వదిలెయ్యమన్నాను. ముందు శ్రీహరికోట గేటు ఉంది, పాసు లేనిదే లోపలికి పంపరు, అందుకే లోపల అడవి అడవిలా ఉంది, ఆ మాటకైనా ఒప్పుకోమన్నాను. తూర్పు తీరంలో ఎండుభూముల సతతహరితారణ్యం అనే రకం అడవి చాలాచోట్ల తుడిచిపెట్టుకుపోయింది. మిగిలిన పెద్ద ముక్కల్లో ఒకటి ఆ దీవిలో ఉంది. దేవాంగపిల్లులు, నక్షత్ర తాబేళ్ళు, జింకలు అక్కడున్నాయి. కంచె లేకపోయుంటే ఈపాటికి అంతా సవుకు తోపులు, రొయ్యల గుంటలు, రిసార్టులు అయ్యుండేవి.

"అది నిజమే," అంది అత్త. అంత తొందరగా ఒప్పుకుందంటే వెనక ఏదో ఉందని నాకు తెలుసు. "చెట్ల మనిషిగా ఆ కంచెకు నేనూ దణ్ణం పెడతా. అయితే ఆ అడవి ఖాళీగా దొరికిందా, ఖాళీ చేసినారా?"

ఆమె అడిగేది యానాదుల గురించి. శ్రీహరికోట అడవి తరతరాలుగా వాళ్ళది. తేనె, మూలికలు, బట్టలకు ఎర్రరంగు దించే చిరువేరు, ఇవన్నీ వాళ్ళు ఏరితేనే బయటికొచ్చేవి. 1835లో దీవి కుంఫిణీ సర్కారు చేతికొచ్చాక కూడా అడవి సరుకు వాళ్ళచేతే తెప్పించుకున్నారు. ఏ చెట్టు ఎక్కడుందో తెలిసింది వాళ్ళకే మరి. 1969లో రాకెట్ కేంద్రానికి ఈ చోటును ఎంచుకోవడానికి కారణాలు మంచివే. తూర్పుకు ఎగరేస్తే భూమి తిరిగే వేగం రాకెట్‌కు కలిసొస్తుంది. ఏదైనా విరిగిపడినా సముద్రంలో పడుతుంది. చుట్టూ నీళ్ళు, జనం తక్కువ. 1971 అక్టోబరు 9న రోహిణి-125 అనే చిన్న రాకెట్ ఇక్కడినుంచి మొదటిసారి లేచింది. అదే దీవి నుంచి 2023 జులైలో చంద్రయాన్-3 పోయింది. ఈ కేంద్రం కోసం ఆ 'తక్కువ జనం'లో చాలామంది దీవి వదిలి బయటికి రావాల్సొచ్చింది.

"నేనొకటి చెప్తా విను," అన్నాను. "దక్షిణ అట్లాంటిక్‌లో ఫాక్‌లాండ్ దీవులని ఉన్నాయి. రాజధాని స్టాన్లీ చిన్న ఊరు, ఎప్పుడూ గాలే. 1982 యుద్ధంలో అర్జెంటీనా సైన్యం అక్కడి ఇసుక తీరాల్లో మందుపాతరలు పెట్టింది. మనిషి కాలు పెడితే పేలతాయి, పెంగ్విన్ బరువుకు పేలవు. పాతరలు పూర్తిగా తీసేసింది 2020 నవంబరులో. అన్నేళ్ళూ ఆ కంచెల లోపల పెంగ్విన్లు నిక్షేపంగా పిల్లల్ని పెట్టుకున్నాయి. మనిషి రాకుంటే చాలు, రాకపోవడానికి కారణం ఏదైతేనేం?"

"అయితే పెంగ్విన్ల కోసం యుద్ధాలు చేసుకుందామా?"

"అట్లా అనలేదు. కారణం మంచిదైనా చెడ్డదైనా పక్షికి ఒకటే అంటున్నా."

"పక్షికి ఒకటే. నువ్వు పక్షివి కాదు గదా!"

ఇక్కడ ఆమెను పట్టుకోవచ్చనిపించింది. ఎందుకంటే పొద్దున నేలపట్టులో ఆమె సరిగ్గా దీనికి ఎదురు మాట మాట్లాడింది.

నాయుడుపేట దాటి సూళ్లూరుపేటకు వచ్చే దారిలో హైవేకు దగ్గర్లోనే ఉంటుంది నేలపట్టు. మన దేశంలో గూడబాతులు గుడ్లు పెట్టే ముఖ్యమైన చోట్లలో అదొకటి. 1976 నుంచి సర్కారు రక్షణలో ఉంది గానీ, ఊరివాళ్ళ రక్షణ అంతకు ముందుది. చెరువులో నీటి కణప చెట్లు మునిగి నిలబడి ఉంటాయి, వాటి మీద గూళ్ళు. పక్షుల రెట్ట చెరువులో కలుస్తుంది, ఆ నీళ్ళు పొలాలకు పారతాయి, పైరు బాగా వస్తుంది. అందుకని ఊరివాళ్ళు వాటి జోలికి పోరు, పోనివ్వరు. నేను అక్కడే అన్నాను, ఇది పక్షి మీద ప్రేమ కాదు, ఎరువు లెక్క అని. అత్త నా మీద విరుచుకుపడింది. గూడబాతు నీ మనసు లోపలికి తొంగి చూడదు, నీ చేతిలో రాయి ఉందా లేదా అని చూస్తుంది, అంతే అంది.

"పొద్దున ఫలితం ముఖ్యమన్నావు, మధ్యాహ్నానికి కారణం ముఖ్యమంటున్నావు. ఒక మాట మీద నిలబడు అత్తా!"

ఆమె కాసేపు మాట్లాడలేదు. చీర కొంగు గాలికి ఎగరకుండా నడుముకు దోపుకుంది. తర్వాత నిదానంగా అంది: "రెండు మాటలూ నావే, రెంటి మీదా నిలబడతా. ఎవురి ముందర నిలబడి చెప్తా ఉండామనేది చూడాల. గూడబాతు ముందర ఫలితం చాలు, దానికి వేరే లెక్క లేదు. అడవి విడిచి వచ్చిన యానాది ముందర నిలబడి 'అడవి బాగుండాది లే తాతా' అని చెప్పు చూద్దాం. నోరొస్తుందా?"

"రాదు. కానీ నేలపట్టు కథ కూడా అంత గట్టిదేం కాదు. యూరియా మూట చాలనుకున్న రోజున ఆ రెట్ట ఎవరికి కావాలి?"

"అనంతపురం పక్క వీరాపురం చూసుండావా?" అంది. చూడలేదు. హిందూపురానికి అవతల, చిలమత్తూరు మండలంలో, కర్ణాటక సరిహద్దు ఊరది. అక్కడ ఎర్రకాళ్ళ కొంగలు ఊరి నడుమ, ఇళ్ళ మీదికి వాలిన చింతచెట్ల మీదే గూళ్ళు పెడతాయి. చెరువు అడ్డం లేదు. రెట్ట, పిల్లల నోట్లోంచి జారిన చేప, అంతా ఇంటి ముందే పడుతుంది. "ఆ కంపు ఎరువు లెక్క కోసం ఎవురు భరిస్తారు? కొంగలొస్తే ఊరికి శుభమంటారు. మొదట్లో ఏదో లాభం చూసే ఉంటారు, నేను కాదనను. ఏండ్ల తరబడి పక్కపక్కన బతికినాక లాభం యాడ ఆగిందో, అలవాటు యాడ మొదలైందో వాళ్ళకే తెలీదు."

ఈ మాట నాకు నచ్చింది, అయినా పూర్తిగా లొంగలేదు. అలవాటుకు ఎదురుదెబ్బ తగిలితే నిలవడం కష్టం. కంచె నిలుస్తుంది. పైగా ఒక్కో ఊరి మంచితనం మీద ఒక జాతి భవిష్యత్తును వేలాడదీయడం నాకు భయమనిపిస్తుంది. ఊళ్ళు మారతాయి, పిల్లలు చెన్నైకో బెంగళూరుకో పోతారు. అదే చెప్పాను.

"కంచె కూడా మారుతుంది," అంది. "ఈ దీవి రాకెట్ల కోసం మూసినారు, జింక కోసం కాదు. రేపు కట్టడానికి ఇంకా చోటు కావాలంటే జింకను అడిగి కడతారా? నీ కంచె కూడా ఎరువు లెక్కే. కాకపోతే పెద్ద లెక్క."

ఈ పోలిక నాకు తట్టలేదు. అప్పుడు ఆమె ఇంకొకటి కూడా కదిపింది. శ్రీహరికోటలో మచ్చిక తప్పిన పశువులున్నాయి. ఊళ్ళు ఖాళీ చేసి పోయినవాళ్ళు వదిలేసిన ఆవులు, ఎద్దులు. వాటి సంతతి మందలుగా అడవిలో తిరుగుతోంది, మనిషి అలికిడైతే పరిగెడుతుంది. "ఒకే ఇంటి నుంచి వెళ్ళగొడితే ఆవు వన్యప్రాణి అయింది, ఆవును మేపినోడు నిర్వాసితుడైనాడు," అంది అత్త. "మనం బైనాక్యులర్లు తెచ్చి దేన్ని చూస్తామో చెప్పు."

నేను బైనాక్యులర్లు దించాను. ఇది ఒప్పుకోలు కాదు, చేతులు నొప్పి పుట్టాయి.

కారు ఎక్కాక నేనే మళ్ళీ ఎత్తుకున్నాను. ఇప్పటిదాకా మాట్లాడింది మూసేసిన దీవి గురించి. మూయని దీవి సంగతేమిటి? రోడ్డుకు దక్షిణాన, తడ మండలంలో ఇరకం ఉంది. భీములవారిపాలెం రేవు నుంచి పడవ తప్ప దారి లేదు. చేపలు పట్టుకు బతికే కుటుంబాలు. బడికి పోయే పంతులూ, నొప్పులొచ్చిన ఆడమనిషీ, ఎన్నికలొస్తే ఓటు యంత్రాలూ అందరూ పడవెక్కాల్సిందే. గాలి ఎక్కువైతే పడవ కదలదు. రాకెట్ కేంద్రానికి దూరం అంటే భద్రత. ఆ దూరాన్ని డబ్బు పెట్టి కొనుక్కుని, కాపలా పెట్టుకున్నారు. నాలాటి వాడికి అది అందం, ఒక పూట అద్దెకు తీసుకుని సాయంత్రానికి తిరిగిచ్చేస్తాడు. ఇరకంలో ఉండేవాళ్ళు దాన్ని కోరలేదు, వాళ్ళు దాన్ని ఎక్కడా తిరిగివ్వలేరు. నీళ్ళు ఒకటే, గాలి ఒకటే, దూరం మాత్రం మనిషిని బట్టి ధర మారుతోంది.

"ఇదీ మాటంటే," అంది అత్త. "ఇంత తెలిసినోడివి రోడ్డు మీద నిలబడి మారుమూల అంటివే!"

"అన్నా. ఇప్పుడు నేనడుగుతా, నువ్వు చెప్పు. రేపు ఇరకం వాళ్ళు మాకూ దారి కావాలంటే?"

ఆమె కిటికీలోంచి ఆ రోడ్డు కట్టనే చూస్తోంది. సరస్సు మధ్యలో మట్టి పోసి లేపిన కట్ట ఇది. తూములున్నాయి గానీ నీళ్ళ ఆట మునుపటిలా లేదు. ఉత్తరాన రాయదొరువు ముఖద్వారం ఇసుకతో పూడుకుపోతూ ఉంటుంది. సముద్రపు పోటు లోపలికి రాక, అటు పక్కనుంచి నీళ్ళు సరిగా అందక, ఎండాకాలంలో ఉత్తరం వైపు బీటలు తీసి బండ్లు తిరిగే మైదానమవుతుంది. వానల తర్వాత దాదాపు మంచినీళ్ళు, వేసవిలో సముద్రాన్ని మించిన ఉప్పు. మధ్యలో చేపకూ రొయ్యకూ అనువైన కాలం ఎంత సాగుతుందనేది ముఖద్వారాల మీద ఆధారపడుంటుంది. చేప తగ్గితే వలవాడికీ తక్కువే, గూడబాతుకూ తక్కువే. మనం ఫ్లెమింగోల్ని ఇంత దగ్గరగా చూడగలిగింది ఈ కట్ట పుణ్యమే. వాటి నీళ్ళకు అడ్డం పడిందీ ఈ కట్టే.

"అడిగితే ఇయ్యాల్సిందే," అంది చివరికి. "చంద్రుడికి దారేసినోళ్ళం, ఇరకానికి ఎయ్యలేమా? పక్షులకు ఇబ్బంది అని వాళ్ళకు మనం చెప్పేదానికి లేదు. మనం రోడ్డు మీద వచ్చి పక్షుల్ని చూసిపోతా ఉండాం."

"మళ్ళీ ఇట్లాంటి కట్టేనా?"

"కట్ట వద్దు. స్తంభాల మీద వంతెన. కింద నీళ్ళు ఆడాల."

"ఖర్చుకు తట్టుకోలేమంటారు. గుప్పెడు ఇళ్ళకు ఇంత ఖర్చా అంటారు. మట్టి కట్టయితే చౌక అంటారు. అప్పుడు?"

"నువ్వేమంటావు?"

"చౌక కట్ట అయితే వద్దంటా."

"వద్దని ఎవురికి చెప్తావు? ఇంజినీరుకా, నొప్పులతో పడవ కోసం కాచుకున్న ఆడబిడ్డకా?"

నేను జవాబు కోసం వెతుకుతూ ఉండగా సూళ్లూరుపేట వచ్చింది. కాళంగి ఒడ్డున చెంగాళమ్మ గుడి ముందు కార్లు బారు తీరి ఉన్నాయి. రాకెట్ ఎగిరే ముందు శాస్త్రవేత్తలు కూడా వచ్చి మొక్కే గుడి. దిగుతామా అని అడిగాను. అత్త తల అడ్డంగా ఊపింది.

"తల్లి యాడికీ పోదు. తడ దిక్కు తిప్పు బండి. వంతెన కావాల్నో వద్దో, ఎట్లాంటిది కావాల్నో మనిద్దరం కార్లో కూర్చొని తేలుస్తా ఉండాం. ఇరకం నుంచి తిరిగొచ్చే ఆఖరి పడవ ఎన్ని గంటలకో రేవులో కనుక్కో. ఈ గాలికి అసలు పడవ తీస్తారో లేదో, అది కూడా అడుగు."