ఎవరి మాట కోసం చదువుతున్నావమ్మా

పామూరు

చిరంజీవి తల్లికి,

వినికిడి, మాట చికిత్సల చదువు బి.ఎ.ఎస్.ఎల్.పి.లో ఇంటర్న్‌షిప్ అయిపోవస్తోందని, పీజీకి మూడు దారులు కనబడుతున్నాయని రాశావు. మీ నాన్న అమెరికా అంటున్నాడు. మీ మేడమ్ మైసూరు అంటున్నారు. ఇంటికి దగ్గరని అమ్మ సికింద్రాబాదు అంటోంది. "నువ్వెట్టా చెబితే అట్టా చేస్తా పెద్దమ్మా" అని చివర్లో ఒక ముక్క. నేను బడిలో తెలుగు చెప్పినదాన్నే గాని నీ విద్య తెలిసినదాన్ని కాను. అయితే మీ పెదనాయనకు మాట పడిపోయిన నాటి నుంచి ఈ స్పీచ్ థెరపీ అనేది ఏం చేయగలదో, ఎక్కడికొచ్చి ఆగిపోతుందో పక్కన కూర్చుని చూశాను. ఆ చూసినదాని బలంతోనే నాలుగు మాటలు రాస్తున్నాను.

కాలేజీ పేరు తర్వాత చూద్దాం. ఎవరి నోటి మాట కోసం చదువుతున్నావో ముందు నీకు నువ్వు తేల్చుకో. ఏ ఊరివాళ్లు, ఏ వయసువాళ్లు, ఏ భాష మాట్లాడేవాళ్లు నీ ఎదుట కూర్చోబోతున్నారు? అది తేలితే ఎక్కడ చదవాలో సగం తేలినట్టే. ఈ మాట ఇంత గట్టిగా ఎందుకంటున్నానో చెబుతాను.

మీ పెదనాయనకు పక్షవాతం వచ్చినప్పుడు కుడి చెయ్యి, కుడి కాలు, మాట మూడూ ఒకేసారి పోయాయి. ప్రాణం దక్కింది. ఆ తర్వాత పక్క రాష్ట్రంలో ఒక పెద్ద ఆసుపత్రికి తీసుకుపోయాం. అక్కడి థెరపిస్టు చిన్నపిల్ల, ఓర్పు గలది. ఆ పిల్లను నేను తప్పుపట్టను. ఆమెకు తెలుగు రాదు, ఆమె చేతిలోని బొమ్మల అట్టల మీద స్ట్రాబెర్రీ, పియానో, మంచుతో చేసిన మనిషి బొమ్మ. సజ్జలు, కందులు, పొగాకు పండించి బతికిన మనిషి వాటివైపు చూసి తల తిప్పుకున్నాడు. ఆమె కాగితం మీద సున్నాలు పడ్డాయి. ఇంటికొచ్చిన కొద్ది రోజులకు, నేను వాకిట్లో కూర్చుని బియ్యం చెరుగుతుంటే, నా చేతివైపు చూసి "చాట" అన్నాడు. స్పష్టంగా అన్నాడు. ఆ మాట ఆయనలో అన్నాళ్లూ ఉంది. దాన్ని అడిగే పద్ధతి తెలిసినవాళ్లు మాకు దొరకలేదు, అంతే.

ఇంకో సంగతి. మాట రాకపోతే రాసి చూపిస్తాడులే అని చుట్టాలు మార్కాపురం పలక తెచ్చి ఎడమచేతికి బలపం ఇచ్చారు. గీతలు తప్ప ఏమీ పడలేదు. అదే మనిషి ఒకటి రెండు మూడు వరసగా చెప్పేవాడు, వారాల పేర్లు చెప్పేవాడు, భజనలో గొంతు కలిపితే చరణాలు చరణాలు పాడేవాడు. మంచినీళ్లు కావాలని మాత్రం అడగలేకపోయేవాడు. "పాడేవాడికి అడగడానికేం, మొండితనం" అని ఇంటికొచ్చినవాళ్లు అనిపోయారు. ఆ మాట విని ఆయన కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. మాట పోయినప్పుడు దాంతో పాటు రాతా పోతుందని, అలవాటుగా నోటికొచ్చే వరసలూ పాటలూ మిగిలే వీలుందని మాకు ఎవరూ చెప్పలేదు. పారిసులో పాల్ బ్రోకా అనే వైద్యుడు "టాన్" అన్న ఒక్క శబ్దం తప్ప మరేదీ పలకలేని రోగిని పరీక్షించి, మెదడు ముందుభాగానికీ మాటకూ ఉన్న లంకెను లోకానికి చెప్పింది 1861లో. ఇన్నేళ్లలో ఆ జ్ఞానం మన పామూరు అరుగు దాకా నడిచి రాలేదు. దాన్ని నడిపించుకొచ్చే మనిషి కావాలమ్మా.

మింగడం సంగతీ అంతే. పక్షవాతం వచ్చిన కొత్తలో నీళ్లు తాగితే పొలమారుతుంది. ఆ నీళ్లు ఊపిరితిత్తుల్లోకి పోయి న్యుమోనియా వస్తే ప్రాణానికే ముప్పు. మింగడాన్ని పరీక్షించి, ఏది ఎంత చిక్కగా, మనిషిని ఎట్లా కూర్చోబెట్టి పట్టాలో చెప్పడం మీ వృత్తిలో భాగమని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. కాబట్టి ఏ కాలేజీకి పోయినా మొదట అడగవలసింది ఇదే: మీ విద్యార్థులు పక్షవాతం వార్డుకు పోతారా? మింగుడుపడనివాళ్లను చూస్తారా? గొంతు కేన్సర్ ఆపరేషన్ అయినవాళ్లను, గ్రహణం మొర్రి కుట్టించుకున్న పిల్లలను, నత్తి ఉన్న పెద్దవాళ్లను చూస్తారా? లేక రెండేళ్లూ గదిలో నలుగురు పిల్లలతో బొమ్మలాట ఆడించి పంపుతారా? పక్కన సూపర్‌వైజర్ కూర్చుని చూస్తారా, సంతకం పెట్టి పోతారా? ఇవి ప్రాస్పెక్టస్‌లో ఉండవు. రెండో ఏడాది చదివేవాళ్లను హాస్టల్లో కలిసి అడుగు, ఉన్నదున్నట్టు చెబుతారు.

ఇక పిల్లల సంగతి. మన పక్క మాట ఆలస్యమైతే వస కొమ్ము అరగదీసి నాలుకకు రాయడం నీకూ తెలుసు, నీకూ రాశారు. అమ్మమ్మల ప్రేమను నేను కాదనను. ఆ వస రాస్తూ రాస్తూ మూడేళ్లు గడిచాక, పిల్లకు అసలు వినబడడం లేదని తేలడం చూసినప్పుడు మాత్రం కడుపు తరుక్కుపోతుంది. పుట్టిన నెలలోపు వినికిడి పరీక్ష, మూడు నెలలలోపు నిర్ధారణ, ఆరు నెలలలోపు వైద్యం మొదలు కావాలని మీ పుస్తకాల్లోనే ఉంటుంది. మేనరికాలు ఇంకా జరుగుతున్న మన పల్లెల్లో పుట్టు చెవుడు కొత్తేమీ కాదు. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద బడులకూ అంగన్‌వాడీలకూ వచ్చి పిల్లలను చూస్తారు. జిల్లా స్థాయిలో సత్వర చికిత్సా కేంద్రాలకు స్పీచ్ థెరపిస్టు ఉండాలని అందులోనే ఉంది. మండలాల్లో ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం భవిత కేంద్రాలున్నాయి. ప్రభుత్వ ఆరోగ్య పథకం కింద కాక్లియర్ ఇంప్లాంటు ఆపరేషనూ చేస్తారు. ఏర్పాట్లు కాగితం మీద తక్కువేమీ లేవు. అయితే ఆపరేషన్‌తో మాట రాదు కదా! ఆ యంత్రంతో వినడం, విన్నదాన్ని మాటగా మలచుకోవడం ఏళ్ల తరబడి కూర్చోబెట్టి నేర్పాలి. పామూరు నుంచి ఒంగోలు పోవాలన్నా నెల్లూరు పోవాలన్నా బస్సులోనే గంటలు. తల్లి కూలి పోతుంది, బస్సు చార్జీ పోతుంది, వాన లేని ఏడు ఆ కుటుంబమే బెంగుళూరుకో హైదరాబాదుకో పనికి పోతుంది. థెరపీ మధ్యలో తెగిపోతుంది. అందుకే తల్లులకు నేర్పడం నీకు నేర్పే చోట చదువు. ఇంట్లో అన్నం పెడుతూ, స్నానం చేయిస్తూ, మేకల వెనక పోతూ పిల్లతో ఎట్లా మాట్లాడాలో తల్లికి చేతిలో పెట్టి పంపాలి. పల్లెల్లో క్యాంపులు పెడతారా, ఫోనులో వీడియో ద్వారా థెరపీ కొనసాగిస్తారా అని అడుగు.

ఒక్క మాట గట్టిగా చెబుతున్నా. పిల్లకు మాట ఆలస్యమైందని తల్లిదండ్రులు పోతే "ఇంట్లో ఒకే భాష మాట్లాడండి, వీలైతే ఇంగ్లీషే" అని చెప్పి పంపినవాళ్లున్నారు. ఆ సలహా నీ నోట రాకూడదు. మన ఊళ్లో ఉర్దూ మాట్లాడే ఇళ్లున్నాయి, మార్కాపురం అడవి వైపు తండాల్లో లంబాడీ మాట్లాడతారు. రెండు భాషలు వినడం వల్ల మాట జబ్బు రాదు. అమ్మ నోట వచ్చే భాష తీసేస్తే ఆ పిల్లతో అమ్మ మాట్లాడేదే తగ్గిపోతుంది. హైదరాబాదు నిమ్స్‌లో డాక్టర్ సువర్ణ అల్లాడి బృందం మతిమరుపు జబ్బు వచ్చిన 648 మందిని పరిశీలించి 2013లో ఒక పరిశోధన ప్రచురించింది. రెండు భాషలు మాట్లాడేవాళ్లలో ఆ జబ్బు లక్షణాలు సగటున నాలుగున్నరేళ్లు ఆలస్యంగా మొదలయ్యాయని తేలింది. చదువురాని వాళ్లలోనూ ఆ తేడా కనబడింది. అది ముసలివాళ్ల సంగతే, పిల్లల సంగతి కాదు. అయినా లోకమంతా చెప్పుకునే పని మన వాళ్ల మాటల మీద, మన ఆసుపత్రిలో జరిగిందని నువ్వు తెలుసుకోవాలని రాస్తున్నాను. అట్లాగే "యాడికి పోతుండావు" అన్న పిల్లవాడి నోరు తప్పుగా ఉందని ఎన్నడూ రాయవద్దు. అది వాడి ఊరి తెలుగు. ఊరి మాటకూ ఉచ్చారణ దోషానికీ తేడా తెలియాలంటే ఆ ఊరి మాట నీ చెవికి తెలిసి ఉండాలి.

భద్రిరాజు కృష్ణమూర్తి గారు మన ఒంగోలులో పుట్టినవారే. ఉస్మానియాలో భాషాశాస్త్ర శాఖను నిలబెట్టారు. ఆయన 1962లో వెలువరించిన వ్యవసాయ వృత్తి పదకోశంలో రైతులు వాడే మాటలు ప్రాంతాల వారీగా సేకరించి పెట్టారు. నువ్వు పీజీలో చేరకముందే దాన్ని ఒకసారి తిరగెయ్యి. మీ పెదనాయన వంటివాళ్లకు బొమ్మల అట్టలు తయారు చేయాలంటే నాగలి, గొర్రు, గంప, చాట ఎక్కడ ఏమంటారో అందులో ఉంటుంది. తెలుగులో మాట పరీక్షించే సాధనాలు ఇంగ్లీషులో ఉన్నన్ని లేవని నువ్వే చాలాసార్లు వాపోయావు. నీ డిసర్టేషన్ ఆ లోటు మీదే పెట్టుకో. ఆ అంశం చేయనిచ్చే గైడు ఎక్కడున్నారో వెతుకు.

ఇప్పుడు నీ మూడు దారులకు వస్తాను. మన దేశంలో ఎక్కడ చేరినా రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆమోదం చూడు. 1992 చట్టం ప్రకారం ఆ రిజిస్టరులో పేరుంటేనే నువ్వు ఈ వృత్తి చేయగలవు. ఆమోదం కాలేజీకి ఒకసారి ఇచ్చి వదిలేసేది కాదు, ఫలానా కోర్సుకు ఫలానా కాలానికి ఇస్తారు. నువ్వు చేరే కోర్సుకు, నువ్వు చేరే ఏడాదికి ఉందో లేదో చూసుకున్నాకే ఫీజు కట్టు. రెండోది, కొన్నిచోట్ల ఎం.ఎస్సీ. స్పీచ్ లాంగ్వేజ్ పాథాలజీ వేరు, ఆడియాలజీ వేరు. కొన్నిచోట్ల రెండూ కలిపి ఎం.ఎ.ఎస్.ఎల్.పి. పల్లెపట్టున ఒక్కతే కూర్చుని చెవీ మాటా రెండూ చూడాల్సినదానివి గనుక నీకు కలిపి చదవడమే పనికొస్తుందని నాకనిపిస్తుంది. పరిశోధనకు పోదలిస్తే వేరు సంగతి.

మైసూరులోని అఖిల భారత వాక్ శ్రవణ సంస్థ 1965లో పుట్టింది. ఈ విద్యకు దేశంలో అది పెద్దిల్లు. కేంద్రప్రభుత్వ సంస్థ, ఎంట్రెన్సు రాయాలి. అక్కడి గ్రంథాలయం, అధ్యాపకులు, క్లినిక్ గొప్పవని మీ మేడమ్ అన్నది నిజమే. ఒకటే చూసుకో, అక్కడికి వచ్చేవాళ్లలో ఎక్కువమంది కన్నడం మాట్లాడతారు. నీకు కన్నడం రావాలి, సెలవుల్లో తెలుగు రోగులను వెతుక్కోవాలి.

సికింద్రాబాదు మనోవికాస్ నగర్‌లో అలీ యావర్ జంగ్ సంస్థ ప్రాంతీయ కేంద్రం ఉంది. 1983లో ముంబైలో పెట్టిన ఆ సంస్థ హైదరాబాదీ పేరే మోస్తోంది. అలీ యావర్ జంగ్ ఒకప్పుడు ఉస్మానియాకు వైస్ ఛాన్సలర్. మనోవికాస్ నగర్‌లోనే మేధో వైకల్యాల జాతీయ సంస్థ కూడా ఉంది. శ్రీకాకుళం నుంచి ఆదిలాబాదు దాకా అన్ని తెలుగులూ, వాటితో ఉర్దూ, ఆ గుమ్మాల్లోకి వస్తాయి. నీ చెవికి ఆ రెండేళ్లు ఎంత మేలో ఆలోచించు.

అమెరికా గురించి మీ నాన్నకు ఉన్నది ఆశే, తప్పులేదు. అయితే లెక్క తెలిసి ఆశపడాలి. అక్కడ మాస్టర్స్ తప్పనిసరి, అక్రెడిటేషన్ ఉన్న కోర్సే చెల్లుతుంది. 25 గంటలు గమనించడం, 375 గంటలు స్వయంగా రోగులతో పనిచేయడం, మొత్తం 400 గంటలు నిండాలి. ప్రాక్సిస్ పరీక్ష పాసవ్వాలి. ఆపైన కనీసం 36 వారాల క్లినికల్ ఫెలోషిప్, రాష్ట్రానికో లైసెన్సు. కంప్యూటర్ చదివిన మన పిల్లలకు చదువు కాగానే మూడేళ్ల దాకా పని గడువు దొరుకుతుంది. ఈ చదువుకు 12 నెలలే. పైగా వైద్యమంతా ఇంగ్లీషులో, వాళ్ల ఇళ్ల మాటల్లో, వాళ్ల పాటల్లో సాగుతుంది. అక్కడ స్థిరపడి అక్కడివాళ్లకే సేవ చేస్తానంటే అది గౌరవమైన జీవితమే, నేను దీవించి పంపుతాను. అక్కడి మన తెలుగు ఇళ్లలోనూ మాట ఆలస్యమైన పిల్లలున్నారు, వాళ్లకు నీ తెలుగు అక్కరకొస్తుంది. పొలం తాకట్టు పెట్టి పోయి, అప్పు తీరేదాకా ఇష్టంలేని చోట చిక్కుకుపోవడానికి మాత్రం ఒప్పుకోను.

నన్నడిగితే సికింద్రాబాదు. మైసూరులో సీటు వచ్చి, తెలుగు మీద పని చేయనిచ్చే గైడు దొరికితే మైసూరుకు పో, అడ్డు చెప్పను. ఉద్యోగం ఎక్కడన్నది తర్వాత చూసుకోవచ్చు. నెల్లూరులోనే దివ్యాంగుల కోసం కాంపోజిట్ రీజినల్ సెంటర్ ఉంది, జిల్లా ఆసుపత్రులున్నాయి. జీతం నగరంలో వచ్చేంత రాదని నాకు తెలుసు. నీ పెళ్లి, నీ ఇల్లు, నీ అవసరాలు నీవి. ఊరి కోసం నువ్వు పేదరికం నెత్తికెత్తుకోవాలని నేను చెప్పను. వారానికి ఒకరోజు కనిగిరిలోనో పామూరులోనో కూర్చున్నా ఎన్నో ఇళ్లకు బస్సు చార్జీ మిగులుతుంది.

ఇంకో వారంలో సికింద్రాబాదు పోయి ఓపీ ఉన్న రోజు పొద్దున్నే వరండాలో కూర్చో. వచ్చినవాళ్లతో మాట్లాడు, ఎంతసేపు లోపల ఉంచుతున్నారో చూడు, బయటికొచ్చే తల్లిని ఇంటికి పోయి ఏం చేయమన్నారో అడుగు. ఆమె చెప్పగలిగితే అక్కడ చదువు బాగున్నట్టే. చూసినదంతా నాకు రాయి. అప్పు సంగతి మీ నాన్నతో నేను మాట్లాడతాను, నువ్వు వాదన పెట్టుకోవద్దు. ఎంట్రెన్సు దరఖాస్తు గడువులు మాత్రం దాటనీయకు.

ఇట్లు,
మీ పెద్దమ్మ