విద్యార్థి కాయకము

కళాశాల విద్యార్థికి కాయకము కలదా? అతడు బట్ట నేయడు, పొలము దున్నడు, అంగడి నడపడు. తల్లిదండ్రుల చెమటతో వచ్చిన అన్నము తిని, సంపాదన లేక కాలము గడపును. శ్రమింపక భుజించుట తగదను బసవేశ్వరుని మార్గమున నడచు కుటుంబములందు ఈ సందేహము పుట్టుట సహజము. చదువే అతని కాయకమనుట దీనికి సమాధానము. అయితే పేరు పెట్టినంత మాత్రమున చాలదు. దానిని కాయకమువలెనే చేయవలెను.

ఏనాటి పని ఆనాడు చేయుట కాయకమునకు ప్రధాన లక్షణము. అయ్దక్కి మారయ్య కల్యాణమున నేల రాలిన బియ్యపు గింజలనేరి జీవించిన శరణుడు. ఒకనాడతడు నిత్యము తెచ్చుదానికన్న అధికముగా తేగా, భార్య లక్కమ్మ అంగీకరింపక, మిగులును తిరిగి అచ్చటనే వేసి రమ్మన్నదని శరణుల చరిత్రలు చెప్పుచున్నవి. నాటికి చాలినదే ధర్మము, అంతకు మించినది ఆశ యని ఆ సాధ్వి భావము.

విద్యార్థులనేకులు దీనికి విరుద్ధముగా వర్తింతురు. మాసముల తరబడి పుస్తకము తెరువరు. పరీక్ష ముందటి రాత్రి గంప నింపుకొన జూతురు. “అట్లు చదివినను మార్కులు వచ్చుచున్నవి గదా, దోషమేమి?” అని వారడుగుదురు. ఈ ప్రశ్నను త్రోసిపుచ్చరాదు. మార్కులు వచ్చుట నిజమే.

జర్మనీ దేశీయుడగు ఎబ్బింగ్‌హౌస్ అర్థము లేని అక్షరముల వరుసలను తానే వల్లించి జ్ఞాపకమును కొలిచి, ఆ ఫలితములను 1885లో ప్రకటించెను. ఒకే దినమున 68 మార్లు వల్లించిన ఫలము, మూడు దినములకు పంచి 38 మార్లు వల్లించినంతనే లభించినది. 2006లో అమెరికా పరిశోధకులు రోడిగర్, కార్పికె కళాశాల విద్యార్థులను పరిశీలించిరి. పాఠమును మరల మరల చదివినవారు అయిదు నిమిషముల పిదప మెరుగుగా నుండిరి. వారము గడచునప్పటికి, పుస్తకము మూసి జ్ఞాపకమునుండి వ్రాసి చూచుకొన్నవారే ముందుండిరి.

దోషమిచ్చట తేటపడుచున్నది. ఒక్క రాత్రి చదువు పరీక్షకు చాలవచ్చును. రేపు ఆ విద్యార్థి యిచ్చు మందు త్రాగు రోగికి, అతడు కట్టు వంతెన దాటు బాటసారికి చాలదు. తుమకూరు సిద్ధగంగా మఠమున శ్రీ శివకుమారస్వామివారు (1907–2019) అన్నము, అక్షరము, ఆశ్రయము అను త్రివిధ దాసోహమున వేలాది బాలలను పోషించిరి. మఠమున గాని, యింట గాని అట్టి అన్నము తిన్నవాడు ఆ ఋణమును తీర్పవలసినది లోకమునకే. మరచిపోయిన విద్యతో ఏ ఋణమును తీరదు.

పద్ధతి కష్టమైనది కాదు. ఉదయమున ఆనాడు చేయగలిగినంత పనినే చీటిపై వ్రాసికొనవలెను. చేయలేనంత వ్రాసికొనుటయు ఆశయే. సాయంకాలము పుస్తకము మూసి, విన్న పాఠమును సొంత మాటలలో వ్రాసి, తప్పినచోట గుర్తు పెట్టవలెను. మూడవనాడొకమారు, వారమునకొకమారు దానిని మరల పరీక్షించుకొనవలెను.

పెద్దలకును ఇందు పాలు కలదు. ఇంటిపని యంతయు ముగించిన పిమ్మట నిద్రమత్తులో పుస్తకము పట్టు ఆడపిల్లను సోమరి యని నిందించుట న్యాయము కాదు. దినమునకొక గంట నిశ్శబ్దమును బిడ్డకిచ్చుటయు దాసోహమే. పిడికెడు గింజలు మారయ్య యింటిని నిలిపినవి. దినమునకొక పాఠము విద్యార్థిని నిలుపును.